నాలుగు తొమ్మిదులు

తణుకుకు ఆమడ దూరంలో, కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రైసు మిల్లు షావుకారు. ధాన్యం కొనేటప్పుడు రెండు చేతులూ జోడించి కొనేవాడు. డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం వచ్చే వారం, ఆ పై వారం అనేవాడు. రైతులు ఆయన్ని చెడ్డవాడనీ అనలేకపోయేవారు, మంచివాడనీ అనలేకపోయేవారు. ఇవ్వాల్సింది చివరికి ఇచ్చేవాడు కదా! ఆ చివర ఎప్పుడన్నదే ఎవరికీ తేలేది కాదు.

ఆయనకో తెల్ల కారుండేది. ఆ రోజుల్లో బండి మీద జిల్లాకో అంకె. పశ్చిమ గోదావరి అంటే ఏపీ 37. తూర్పు గోదావరికి 05, కృష్ణాకు 16, గుంటూరుకు 07, విశాఖకు 31. హైదరాబాదులో సిగ్నలు దగ్గర పక్కనొచ్చి ఆగిన బండి మీద 37 కనబడితే చాలు, షావుకారు అద్దం దించేసి "ఏ ఊరండి మనది?" అని అడిగేసేవాడు. అటునుంచి అత్తిలి అనో, పాలకొల్లు అనో వినబడితే పచ్చలైటు వెలిగినా మాటలు తెగేవి కావు, వెనక హారన్లు మోగుతున్నా సరే. ఆ 37 అంటే ఆయనకు ప్రాణం. మిగిలిన నాలుగంకెలూ, 4738, ఆఫీసులో వరసలో వచ్చినవి. వాటి సంగతి ఆయనెప్పుడూ పట్టించుకోలేదు.

ఒక ఏడాది సంక్రాంతి ముందు, తణుకు బజారు కిటకిటలాడుతోంది. షావుకారు కారు ఒక అరటిపళ్ళ బండిని రాసుకుంటూ పోయింది. బండి చక్రం వంగింది, గెలలు రోడ్డు మీద పడ్డాయి. డ్రైవరు నూకరాజు బ్రేకు మీద కాలేశాడు.

"ఆగకు, పోనీ!" అన్నాడు షావుకారు.

పోనిచ్చాడు. వెనకాల పెద్ద గొడవ. నంబరు 4783 అన్నాడొకడు. కాదు 7438 అన్నాడు సోడా కొట్టువాడు. మూడూ ఎనిమిదీ ఉన్నట్టు గుర్తండి అన్నాడు ఇంకొకాయన. తెల్ల కారన్న మాట మీద మాత్రం అందరూ ఒక్కటయ్యారు. పండగ ముందు తణుకు బజార్లో తెల్ల కారని చెబితే పోలీసులు ఎవరిని పట్టుకుంటారు? పళ్ళవాడు నలిగినవి పక్కన పెట్టి, నిలిచినవి ఏరుకుని, చక్రం భుజాన వేసుకుని పోయాడు.

తర్వాత 2019 వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లకు జిల్లా అంకెలు ఎత్తేసి, ఇచ్ఛాపురం నుంచి కుప్పం దాకా అందరికీ ఏపీ 39 ఇచ్చారు. అదే ఏడాది షావుకారు కొత్త కారు కొన్నాడు. పెద్దది, నల్లది. కారు చూసి ఊరు నోరు తెరిచింది గానీ ఆయన మొహంలో కళ లేదు.

"ముప్ఫై తొమ్మిదేంటిరా! రేపు నేను హైదరాబాదు వెళితే చిత్తూరోడికీ నాకూ తేడా ఏం తెలుస్తుంది?" అన్నాడు నూకరాజుతో.

"తెలవదండి. ఆయ్."

బావమరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడి కారుకు ఖైరతాబాదు ఆర్టీఏలో వేలం పాడి కొన్న నంబరుంది. "జిల్లా పోతే పోయింది బావా, నువ్వే ఒక జిల్లా అయిపో. నాలుగు తొమ్మిదులు కొట్టు. ఆ బండి ఎక్కడ ఆగినా నీ పేరే చెప్పుకుంటారు" అన్నాడు. ఆ మాట షావుకారు చెవిలో తేనె పోసినట్టు దిగింది.

అమెరికాలో అయితే బండి మీద పేరే రాయించుకోవచ్చు. మనకా వెసులుబాటు లేదు. రాష్ట్రం అక్షరాలు, ఆఫీసు అంకె, సిరీసు అక్షరాలు అన్నీ సర్కారువే. మనిషి ఆశకు మిగిలింది చివరి నాలుగంకెల జాగా ఒక్కటే. సిరీసు 1 నుంచి 9999 దాకా నడుస్తుంది. అందులో జనం ఎగబడే నంబర్లను ముందే పక్కకు తీసి ఒక్కోదానికి ఒక్కో రేటు కడతారు. ఒక్కడే అడిగితే ఆ రేటుకే ఇచ్చేస్తారు. ఇద్దరడిగితే వేలం.

9999కి ఇద్దరడిగారు. రెండోవాడు భీమవరం రొయ్యల వ్యాపారి అని బావమరిది ఆచూకీ తెచ్చాడు.

వేలం ఆన్‌లైన్లో. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొడుకు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. వెనకాల కుర్చీలో షావుకారు, చేతిలో మజ్జిగ గ్లాసు. ధాన్యం బేరంలో ఎదుటివాడి మొహం చూసి ఎక్కడ ఆగుతాడో చెప్పేసేవాడాయన. ఇక్కడ మొహం లేదు, తెర మీద అంకె మారుతోందంతే. రెండు లక్షలు దాటింది. మూడున్నర. కొడుకు వెనక్కి తిరిగి చూశాడు. "వెయ్యి" అన్నాడు షావుకారు. అయిదు. మజ్జిగ అలాగే ఉండిపోయింది. ఆ డబ్బుతో మిల్లులో రబ్బరు రోళ్ళు, బెల్టులు మొత్తం మార్చేయొచ్చని గుమాస్తా గొణిగాడు. "నువ్వు లెక్కలు రాయి" అన్నాడు షావుకారు. చివరికి ఏడు లక్షల పైచిలుకు దగ్గర అవతలివాడు ఆగిపోయాడు. ఇంట్లో టెంకాయ కొట్టారు.

నంబరు ప్లేటు బిగించే రోజున షావుకారు షోరూముకు స్వయంగా వెళ్ళాడు. కుర్రాడు అట్టపెట్టె విప్పి రెండు రేకులు బయటికి తీశాడు. అల్యూమినియం రేకు. పొడవు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 120. పై మూలన మెరిసే అశోక చక్రం హోలోగ్రాం, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ అన్న అక్షరాలు, ఇంకాస్త కింద లేజరుతో చెక్కిన సన్నటి కోడు. అంకెల మీద వేలితో రాస్తే ఉబ్బెత్తుగా తగులుతున్నాయి, వంచి చూస్తే వాటి మీద ఏటవాలుగా ఇండియా అని మెరుస్తోంది. పక్కన ఆటో ఫైనాన్సు కుర్రాడి చిన్న కారుకు కూడా అచ్చం అలాంటి రేకే బిగిస్తున్నారు.

"తొమ్మిదులు కొంచెం పెద్దవి చెయ్యవయ్యా. బంగారు రంగు వేస్తారు కదా, అది వెయ్యి."

"కుదరదండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ ఇదే. అక్షరం మందం కూడా మార్చకూడదండి."

"ఏడు లక్షలు పోశానయ్యా!"

"నంబరుకండి అది. రేకు అందరిదీ ఒకటేనండి" అని కుర్రాడు తిరిగి ఊడకుండా బిగుసుకుపోయే రివెట్లు కొట్టేశాడు.

మొదటి రెండు నెలలూ పండగే. కలపర్రు టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ బీప్ అనకముందే లోపలి కుర్రాడు లేచి నమస్కారం పెట్టాడు. ఏ ఎమ్మెల్యే అనుకున్నాడో! భీమవరంలో కల్యాణ మండపం వాచ్‌మన్ గొలుసు తీసి, కారును సరాసరి గుమ్మం ముందుకు రానిచ్చాడు. బడి పిల్లలు "నాలుగు తొమ్మిదుల బండిరోయ్!" అని వెంటపడ్డారు. మీ కారు తణుకులో చూశామండి, రావులపాలెం బ్రిడ్జి మీద చూశామండి అని మనుషులు వచ్చి చెబుతుంటే షావుకారు "అవునవును, వెళ్ళాం" అని మీసం సవరించుకునేవాడు.

ఆ చూసినవాళ్ళు చూసి ఊరుకోరని ముందు అర్థమైంది నూకరాజుకు.

రాజమండ్రి నుంచి మేనత్త ఫోను చేసింది. "ఏరా అబ్బాయ్, మా వీధిలోంచే వెళ్ళావంట. గుమ్మంలో అడుగుపెట్టడానికి తీరలేదేంట్రా? మావయ్య పోయాక మేం కానివాళ్ళమైపోయాం కదా!" అరగంట ఏడ్చింది. లెక్కలు చూడ్డానికి ఏలూరు వెళ్ళానన్న రోజున కారు భీమవరం క్లబ్బు ముందు రాత్రి పదకొండింటి దాకా ఉందని భార్యకు తెల్లారేసరికి తెలిసింది. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. పేకలో పోయిందెంతని ఆవిడా అడగలేదు. వారం రోజులు ఇంట్లో పప్పూ చారే.

వ్యాపారంలో దెబ్బ ఇంకోలా తగిలింది. ఇదివరకు ఏ ఊళ్ళో ధాన్యం బాగా ఆరిందని కబురొస్తే ఆ ఊరికి నెమ్మదిగా వెళ్ళి, నాలుగు కళ్ళాలు చూసి, ఎవరికీ తెలియకుండా బేరం తెంచుకొచ్చేవాడు. ఇప్పుడు కారు ఊరి మొగదల తిరిగేసరికే కమీషను ఏజెంట్ల ఫోన్లు మోగుతున్నాయి. తొమ్మిదులాయన దిగాడంటే సరుకులో ఏదో ఉందనేవారు. ఆయన కళ్ళం చేరేలోపు బస్తాకు పాతికో ముప్ఫైయో పెరిగిపోయేది.

రైతుల సంగతి సరేసరి. అత్తిలిలో ఒక పెళ్ళికెళ్ళి తాంబూలం పుచ్చుకుని బయటికొస్తే కారు చుట్టూ ఆరుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఒకాయన బానెట్ మీద దుమ్ము తువ్వాలుతో తుడుస్తున్నాడు కూడా.

"ఏంటండీ, ఇలా వచ్చారు?"

"ఏం లేదండి. బండి కనబడింది, ఆగాం. దాళ్వా డబ్బులండి."

పెళ్ళివారంతా చూస్తున్నారు. షావుకారు అక్కడికక్కడే గుమాస్తాకు ఫోను చేశాడు.

తర్వాత నుంచి కారును వెనక సందులో పెట్టమన్నాడు. అది ఇంకా చేటయింది. గుమ్మం ముందుంటే అందరూ చూసి వదిలేసేవారు, సందులో ఉంటే ఎందుకుందని ఊళ్ళో చర్చ. ఒక శుక్రవారం పూజ చేసిన బంతిపూల దండ ప్లేటు మీదికి జారేలా కట్టమని నూకరాజుకు సైగ చేశాడు. తాడేపల్లిగూడెం దగ్గర కానిస్టేబుల్ ఆపాడు. "దండ పైకి కట్టించండి సార్, నంబరు కనబడకపోతే ఫైనండి. అయినా కప్పి లాభమేంటండి, మీ బండని తెలుసు కదా!"

వానాకాలం వచ్చింది. ఒక రాత్రి పెంటపాడు రోడ్డు మీద వాన జోరుగా కొడుతోంది. ఎదురుగా పచ్చగడ్డి మోపు కట్టుకుని సైకిలు మీద ఒక ముసలాయన. కారు అద్దం మోపుకు తగిలింది. మోపు, సైకిలు, మనిషి, అన్నీ బోదెలోకి పోయాయి. నూకరాజు బ్రేకు వేశాడు. కాలు మళ్ళీ యాక్సిలరేటరు మీదికి తీసుకెళ్ళి, అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఇదివరకు వినబడిన మాట ఇప్పుడూ వినబడుతుందనుకున్నాడు.

రోడ్డు పక్క టీ కొట్టు చూరు కింద నలుగురున్నారు. వాళ్ళు పరిగెత్తుకురాలేదు. కాగితం కోసం వెతకలేదు. ఫోను తీసి ఫొటో కూడా తియ్యలేదు. ఒకడు పక్కవాడితో అన్నాడంతే: "నాలుగు తొమ్మిదులు."

షావుకారు తలుపు తీసుకుని వానలోకి దిగాడు. బోదెలోకి దిగాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. ముసలాయన్ని తనే ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు, గూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఎక్స్‌రే తీసేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఖర్చంతా తనదేనన్నాడు. ముసలాయన కొడుకొచ్చి, "మీలాంటోళ్ళు ఆగరండి ఈ రోజుల్లో" అని దణ్ణం పెట్టాడు. షావుకారు ఏమీ అనలేదు.

తిరిగొస్తుంటే తెల్లారిపోతోంది. నంబరు చూసి దిగారా అయ్యగారూ, మనిషిని చూసి దిగారా అని అడగాలనిపించింది నూకరాజుకు. నెల జీతం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆ ఏడాది ధాన్యం డబ్బులు చెప్పిన వారంలోనే ఇవ్వడం మొదలుపెట్టాడు షావుకారు. రైతులు పొగిడారు. పొగిడేకొద్దీ ఆయనకు ఊపిరాడేది కాదు. నాలుగేళ్ళు భరించి, చివరికి బ్రోకర్ని పిలిచాడు. రాజమండ్రి ఇసుక కాంట్రాక్టరొకడు అడిగిన ధర ఇచ్చి కొన్నాడు. "ఆయనకు కారుతో పన్లేదండి, నంబరు కోసం" అన్నాడు బ్రోకరు. కొన్నవాడు ఆర్‌సీ తన పేరుకు మార్చుకోవడానికి తాత్సారం చేశాడు. ఆ అయిదారు నెలలూ వాడి అతివేగం చలానాలు షావుకారు ఫోనుకే వచ్చాయి. ఫారం 29, ఫారం 30 పట్టుకుని నూకరాజు ఆర్టీఏ చుట్టూ తిరిగి తిరిగి ఎలాగో పేరు మార్పించాడు. కాగితం మారింది గానీ జనం మారలేదు. కాంట్రాక్టరు ఏ బెల్టు షాపు ముందు ఆపినా షావుకారు తాగుడు మొదలెట్టాడనే అన్నారు.

కొత్తగా ఇంకో తెల్ల కారు కొన్నాడు. నంబరు వరసలో ఏదొస్తే అది ఇమ్మన్నాడు. భీమవరం కల్యాణ మండపంలో మళ్ళీ ఒక పెళ్ళి. ఈసారి వాచ్‌మన్ గొలుసు తియ్యలేదు, "వెనక్కి పోనివ్వండి, లోపల ఖాళీ లేదు" అన్నాడు. షావుకారు దిగి నడిచి వెళ్ళాడు. బంతిలో కూర్చున్నాడు. పూతరేకు విప్పుతుండగా మైకులో వినబడింది, ఫలానా నంబరు గల తెల్ల కారు వంటవాళ్ళ వ్యానుకు అడ్డంగా ఉంది, దయచేసి తియ్యవలసిందని. రెండోసారి చెప్పారు. మూడోసారి విసుగ్గా చెప్పారు. "ఎవడో బుద్ధిలేనివాడు" అన్నాడు షావుకారు పక్కాయనతో, పూతరేకు నోట్లో పెట్టుకుంటూ. ఇంతలో నూకరాజు చెమటలు కక్కుతూ బంతుల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చాడు.

*

ఈ కథకు నీతి: నలుగురికీ గుర్తుండే నంబరు కొనుక్కునేవాడు, ఆ నలుగురూ గుర్తుపెట్టుకున్న ప్రతిదానికీ జవాబు చెప్పుకోగలనా అని ముందు తనను తాను అడగాలి.

ఆడంబరం తగదన్న నీతి ఇంతకన్నా సులువుగా దొరుకుతుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. వేలంలో పోసిన డబ్బు సర్కారు ఖజానాకు పోతుంది. ఎవరినీ కొట్టి తెచ్చింది కానంతవరకూ నాలుగు తొమ్మిదులు చూసుకుని ఒక మనిషి మురిసిపోతే లోకానికి పోయేదేమీ లేదు. పెళ్ళిలో బాణసంచాకు అంతకంటే ఎక్కువ తగలేసేవాళ్ళున్నారు.

కూడితే 9 వస్తుంది కాబట్టి కొన్నామనేవాళ్ళ మాట మాత్రం నేను ఒప్పుకోను. నాలుగు తొమ్మిదులు 36, మూడూ ఆరూ 9, నిజమే. కానీ తొమ్మిదితో భాగించబడే ఏ సంఖ్య అంకెలు కూడినా చివరికి 9 మిగలాల్సిందే. 1 నుంచి 9999 లోపు అలాంటివి 1,111 ఉన్నాయి. 2853 తీసుకోండి, 4716 తీసుకోండి, రెండూ 18కి తేలి 9 అవుతాయి. వాటి కోసం లక్షలు పోసి కొట్టుకునేవాడు లేడు. అదృష్టమే కావాలంటే అది చవగ్గా దొరుకుతోంది. మనవాళ్ళు లక్షలు పోసేది రోడ్డు పక్కనున్నవాడికి ఒక్క చూపులో కంఠస్థం కావడానికి.

నంబరు ప్లేటు పుట్టిందీ సరిగ్గా అందుకే. 1893లో పారిస్ పోలీసులు మోటారు బండికి యజమాని పేరు, చిరునామా, ఒక సంఖ్య ఉన్న పలక తగిలించాలని ఉత్తర్వు ఇచ్చారు. బ్రిటన్‌లో 1903లో చట్టం చేసి, 1904 జనవరి 1 నుంచి ప్రతి కారుకూ నంబరు తప్పనిసరి చేశారు. గుర్రబ్బండి తోలేవాడి మొహం ఊరికి తెలుసు. కారువాడు దుమ్ము లేపుకుంటూ ఊరు దాటిపోతాడు, వాణ్ణి మళ్ళీ పట్టుకోవడానికి ఏదో ఒక గుర్తు కావాలి. అంటే ఆ రేకు బండి యజమాని సౌకర్యం కోసం పెట్టింది కాదు, తగిలి పడిపోయినవాడి కోసం, చూసినవాడి కోసం పెట్టింది. అరటిపళ్ళవాడికి 4738 పనికిరాలేదు. గడ్డి మోపు ముసలాయనకు 9999 పనికొచ్చింది. షావుకారు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, ఆ రేకు చెయ్యాల్సిన పని మరింత బాగా చెయ్యడానికి తన చేతి డబ్బు ఏడు లక్షలు ఇచ్చాడు. ఆ లెక్కన చూస్తే నాకు ఆయన మీద కోపం రాదు సరికదా, ఇలాంటి నంబర్లు ఇంకొందరు కొంటే బాగుండుననిపిస్తుంది, ముఖ్యంగా రాంగ్ రూటులో వచ్చి మన మీదే కళ్ళెర్రజేసేవాళ్ళు.

గుర్తుండే నంబరు యజమాని తప్పులనే కాదు, పరాయివాళ్ళ తప్పులనూ లాక్కొస్తుంది. 1979లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒకాయన, పేరు ప్లేటు కోసం దరఖాస్తు పెట్టాడు. పడవల సరదా ఉన్నవాడు. మొదటి కోరికగా సెయిలింగ్ అని, రెండోదిగా బోటింగ్ అని రాశాడు. ఆ రెండూ దొరక్కపోతే మామూలు నంబరు చాలన్న అర్థంలో మూడో గడిలో నో ప్లేట్ అని రాశాడు. ఆఫీసువాళ్ళు ఆ మూడోదే అచ్చుకొట్టి పంపారు. ఆయనకది సరదాగానే అనిపించి తగిలించుకున్నాడు. నంబరు లేకుండా అడ్డదిడ్డంగా వదిలేసిన బండి కనబడితే అక్కడి పోలీసులు చలానాలో నో ప్లేట్ అనే రాస్తారు. కంప్యూటరుకు ఆ పేరుతో ఒక యజమాని దొరికాడు. రాష్ట్రం నలుమూలల నుంచీ ఆయన ఇంటికి దాదాపు 2,500 నోటీసులు వచ్చాయి. మార్చుకోమని రవాణా శాఖ చెప్పినా ఆయన వదులుకోలేదు. షావుకారు కంటే గట్టి మనిషి.

దుబాయిలో ఇంకొక పోకడ. 2023 ఏప్రిల్‌లో అక్కడ పీ 7 అన్న ప్లేటు 5 కోట్ల 50 లక్షల దిర్హాములకు పోయింది. మన డబ్బుల్లో 120 కోట్ల పైమాటే. అది అన్నదానం కోసం పెట్టిన వేలం కాబట్టి డబ్బు మంచి పనికే వెళ్ళింది. కొన్నాయన మాత్రం తన పేరు బయటపెట్టొద్దని కోరాడు. నంబరు లోకమంతటికీ తెలియాలి, మనిషి తెలియకూడదు. మన షావుకారుకూ కావాల్సింది ఇదే. తణుకు దగ్గర పల్లెలో అది కుదిరే పని కాదు.

హర్యానాలో ఒకాయనకైతే చిక్కు ప్లేటు బండికెక్కే దాకా కూడా ఆగలేదు. 2025 నవంబరులో హెచ్ఆర్ 88 బి 8888 అన్న నంబరు వేలానికొచ్చింది. ఇంగ్లీషు బి అక్షరం కూడా ఎనిమిదిలాగే కనబడుతుంది కాబట్టి వరసగా ఎనిమిదులే ఎనిమిదులు. 50 వేల దగ్గర మొదలైన పాట కోటీ 17 లక్షల దగ్గర ఆగింది. దేశమంతా ఆ నంబరు గురించే చెప్పుకుంది. గడువు రోజు వచ్చింది గానీ పాడినాయన డబ్బు కట్టలేదు. ముందు కట్టిన ధరావతు సర్కారుకు జమైపోయింది, నంబరు మళ్ళీ వేలానికి పెడతామన్నారు. అక్కడితో వదిలిపెట్టలేదు. ఆయన ఆస్తులెన్ని, ఆదాయమెంత, అంత పాట పాడే స్తోమత అసలు ఉందా లేదా విచారించి ఆదాయపు పన్ను శాఖకు రాయమని ఆ రాష్ట్ర రవాణా మంత్రి అధికారులను ఆదేశించాడు.